ఇంజనుకి కట్టిన నిమ్మకాయ

ఒక్క నిమ్మకాయతో బతికున్న ఇంజనుని ఎలా చంపవచ్చో చెబుతాను, వినండి. నేను చంపి చూసేను.

మాది కొత్తపేట దగ్గర పల్లె. మడిలో నీళ్లు తోడడానికి మాకో పాత పెట్రోలు ఇంజను ఉంది. నా పెళ్లికన్నా రెండేళ్లు చిన్నది. ఆ తొలకరిలో మా తోడికోడలు వెంకటలక్ష్మి గట్టు మీద నిలబడి, "అబ్బ, ఒక్క లాగుకే ఇంజను ఎంత ముద్దుగా అందుకుందో అక్కయ్యా!" అంది. ఆవిడ మెచ్చుకున్న మా గేదె మర్నాటినుంచి అరశేరు పాలు తగ్గించింది. నాకు లెక్క ఉంది. వెంటనే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చి ఇంజనుకి కట్టేను. దారమైతే వానకి చివికిపోతుందని, పద్ధతిగల మనిషిని కనక, ఇనుపతీగతో కట్టేను. ఒక కొస, నాకోసమే పెట్టినట్టున్న ఓ చిన్న స్క్రూకి. రెండో కొస, ఊగకుండా ఇంజను బాడీకి.

ఇంజనుతో పని పడకుండా వారం గడిచింది. ఆ పైన రెండు రోజులు ఒకటే వాన. నారుమడి మునిగింది. సాయంత్రానికి నీళ్లు తోడకపోతే నారు కుళ్లిపోతుంది, మళ్లీ పోయడానికి గింజ లేదు. మా పాలేరు సూరిబాబు తాడు లాగేడు. మళ్లీ లాగేడు. ఇంజను దగ్గను కూడా దగ్గలేదు.

ప్లగ్గు విప్పి, బాడీకి ఆనించి లాగించేను.

"నిప్పు వస్తోందా?"

"లేదండి."

గరుకు కాగితంతో రుద్దేను. ప్లగ్గు మొనల మధ్య గ్యాపు కొలిచేను. లోపల నిప్పు పుట్టించే పాయింట్లు తుడిచేను. కొత్త ప్లగ్గే వేసేను.

"ఇప్పుడో?"

"ఇప్పుడూ అంతేనండి ఆయ్."

"దిష్టి చాలా గట్టిదిరా" అని రెండో నిమ్మకాయ తెచ్చి, తీగని ఇంకో రెండు చుట్లు బిగించేను.

అప్పుడొచ్చింది వెంకటలక్ష్మి, గొడుగేసుకుని. "అయ్యో, ఈ కాయ కుళ్లిపోయింది అక్కయ్యా, తీసేస్తానుండండి."

"ముట్టుకోకు! నీకోసమే కట్టేను!"

నోరు జారింది. సూరిబాబు అటు తిరిగి దగ్గేడు.

"నాకోసమా?" అంటూ ఆవిడ తీగని ఒక్క పీకు పీకింది. నిమ్మకాయలు రెండూ నీళ్లలో పడ్డాయి. "లాగరా సూరిబాబూ!"

ఒక్క లాగు. డగడగడగ!

ఆ స్క్రూ, ఇంజను ఆపే బటనుదట, తరవాత మెకానిక్కు చెప్పేడు. బటను నొక్కితే అక్కడి వైరు బాడీకి తగిలి నిప్పు ఆగిపోతుంది. అంటే ఆ స్క్రూనీ బాడీనీ కలిపేసిన తీగతో, ఇన్నాళ్లూ నా నిమ్మకాయే ఆ బటను నొక్కిపట్టుకుని కూర్చుందన్నమాట.

నారు బతికింది. "ఇంతకీ నా దిష్టి గట్టిదా, మీ తీగ గట్టిదా అక్కయ్యా?" అంది వెంకటలక్ష్మి.

మునిగిన మడి సాక్షిగా ఆ క్షణమే ప్రమాణం చేసేను. ఈ జన్మలో ఇంకే ఇంజనుకీ ఇనుపతీగతో దిష్టి కట్టను. దారంతోనే కడతాను.