అమ్మడు పెట్టిన తోటకూర

అమ్మడు ఎలకలకు తిండి పెట్టి బతుకుతోందంటే గరివిడిలో మొదట ఎవరూ నమ్మలేదు. పొలంలో ఎలక కనబడితే కర్ర పట్టుకుని గట్టుదాకా తరిమిన మనిషి మరి!

ఊరి శివారు పరిశోధనశాలలో ఎలకల గది ఆమెదే. బొచ్చులేని చిట్టెలుకలు, ఒక్కోదాని తొడమీద చిన్న కేన్సర్ గడ్డ. కళింగపట్నం పిల్ల శ్రావణి అక్కడ పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె తయారుచేసిన మెరిసే మందు ఎక్కిస్తే అది వెతుక్కుంటూ వెళ్లి గడ్డనే పట్టుకోవాలి. ఎలకను మత్తులో పడుకోబెట్టి, చీకటి పెట్టెలో ఎర్ర వెలుగు వేస్తే, తెరమీద ఆ గడ్డ ఒక్కటే మిణుగురులా మెరవాలి. కోసే పని లేదు.

ఆ సోమవారం గడ్డ మెరిసింది. దాంతోపాటు పొట్టంతా మెరిసింది. ఆరింటికి ఆరూ అంతే.

"అయిపోనాదత్తా! మందు కనబడిన సోటల్లా అంటుకుంటన్నాది. మూడేళ్ల పని మట్టిపాలే. నెలాఖరుకి సార్‌కి ఏటి సూపించేది?" శ్రావణి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అమ్మడు ఊరుకునే రకమా? తెరకు ముక్కు ఆనించింది. "మందెయ్యని ఎలకని ఓపాలి పెట్టి సూడే!"

పెట్టారు. దాని పొట్టా మెరిసింది!

"అయితే తప్పు మందుది కాదు! ఇవేటి తిన్నాయత్తా?"

అమ్మడి చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే పిల్ల మూడేళ్లూ పోతాయి. జేబులోంచి రెండు ఆకులు తీసి బల్లమీద పెట్టింది.

"తోటకూర తల్లీ, మా పెరట్లోదే. రోజూ ఆ ఎండు గుళికలే తింటే నోరు సప్పబడిపోదేటి? పది రోజులై పెడతన్నాను. ఏ ఎలకకీ తక్కువ సెయ్యలేదు."

శ్రావణి కోపంగా ఆ ఆకునే పెట్టెలో పెట్టింది. తెరమీద అది దీపంలా వెలిగింది. ఆకు పచ్చదనానికీ ఎర్ర వెలుగులో మెరిసే గుణముందట. ఇద్దరూ నోళ్లు తెరిచి చూశారు. ముందు నవ్వింది శ్రావణే.

పరిశోధనశాల పెద్ద తిరుమలరావు సార్‌కి అమ్మడే వెళ్లి చెప్పుకుంది. ఆయన గంటసేపు తిట్టాడు గాని ఉద్యోగం తియ్యలేదు. ఆమె కోటు జేబులు మాత్రం మూసి కుట్టించేశాడు.

వారంపాటు ఆకు ఊసులేని తెల్ల మేత పెట్టి మళ్లీ చూశారు. పొట్ట నల్లగా ఉంది. తొడమీద నువ్వుగింజంత వెలుగు.

"ఒకటే ఉన్నాది తల్లీ, ఒకటే!" అమ్మడు చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగింది: "మరి వంకాయ ముక్క పెడితేనో?"

"అత్తా!"

"అడిగినానంతేనే. జేబులెక్కడున్నాయి నాకు?"