మరక నాదే సేట్‌జీ

మిలటరీ కాలేజీల మాకు పేర్లుండె గని ఎవ్వడు పిలవకపోయేది. నెంబర్లే. నేను పదిహేడు, నా పక్క మంచపోడు పద్దెనిమిది. పదకొండేండ్లకు అంటుకున్న నెంబరు నలభై రెండేండ్లకు గూడ ఊడలే. నేను సూరత్‌ల మరమగ్గాలు నడిపేటోని కొడుకును, వాడు బెజవాడ దిక్కు రైల్వే గార్డు కొడుకు. నేను "ఏందిర" అంటె వాడు "ఏంట్రా" అనెటోడు. ఎవని భాష వాడు ఇడువలే.

ఆడ ఒక రివాజుండె. పక్క మంచపోనికి శిక్ష పడితె సగం నీది. వాని బూట్లు మెరవకపోతె గ్రౌండు చుట్టు పది రౌండ్లల ఐదు నేను ఉరకాలె. ఇది గిట్ల కాదని మేమొక ఉపాయం కనిపెట్టినం. తప్పు ఎవడు చేసినా సరే, "నేనే సార్!" అని ఇద్దరం ఒక్కసారే ఒర్లుడు. నేనంటె నేనని కొట్లాడుతుంటె సార్లకు యాష్టకొచ్చి "పోండ్రా ఈన్నుంచి" అనెటోళ్లు. ఆరేండ్లు గట్లనే బతికినం.

తర్వాత ఇద్దరం ఫౌజ్‌ల అఫ్సర్లమైనం. ఏడాది తేడాతోని ఇద్దరం బయటికొచ్చినం. బయట దునియా ఎట్లుంటదో మాకెవ్వరు నేర్పలే. నేను బీమా పాలసీలు అమ్మబోయిన. "నిలబడు! పాలసీ తీసుకో!" అని హుకుం చేస్తె ఎవడు తీసుకుంటడు? వాడు ఒక బడిల డ్రిల్లు మాస్టరుగ చేరిండు. ప్రార్థనకు మూడు నిమిషాలు ఆలస్యమొచ్చిందని హెడ్మాస్టర్‌నే గ్రౌండు చుట్టు ఉరికిచ్చిండు. ఆయన ఉరికిండు గూడ, పాపం. మర్నాడు వీణ్ణి తీసేసిండు.

అంతల వాని భార్యకు బ్యాంకుల బదిలీ అయి వాడు గూడ సూరతే వచ్చి పడ్డడు. ఇంట్ల ఖాళీగుండి పొద్దుగాల లేస్తె వంటింట్ల గిన్నెల తనిఖీ. ఆమె తల పట్టుకున్నది. ప్రతి ఆదివారం పది గంటలకు మా ఇద్దరికి ఫోను రిపోర్టు. "ఎట్లున్నవ్‌ర?" "అంతా బాగుందిరా, నువ్వు?" "ఫస్టుగున్న." ఇద్దరం అబద్ధాలకోర్లమే.

ఫస్టు ఏడిది? మా ఇంట్ల దినాం కొట్లాట. "ఈసారి గూడ పని రాకపోతె సోమవారం బండికి పిల్లల్ని తీసుకుని కరీంనగర్ పోత. మా అన్న ఆడనే బడిల ఏస్తనన్నడు" అన్నది నా భార్య. ఒట్టిగ బెదిరిచ్చుడు కాదు, టికెట్లు గూడ తీసింది. గప్పుడు పేపర్ల పడ్డది ప్రకటన: సూరత్ పక్కన సచిన్ అనే ఊర్ల బట్టకు రంగులేసే ఒక డైయింగు మిల్లుకు సెక్యూరిటీ ఆఫీసర్ కావాలె. పద్దెనిమిదోని చెవున ఎయ్యలే. పని దొరికినంక చెప్పి దిమ్మ తిరిగేటట్టు చేద్దామనుకున్న.

మిల్లుల ఒక అర్రల కూసోబెట్టిండ్రు. ఒక దిక్కు తెల్లబట్ట తాన్లు పేర్చి ఉన్నయి. ఆటికి ఆనుకుని ఉన్న టేబుల్ మీద రంగుల నమూనా సీసాలు. నేను కోటు గుండీలు పెట్టుకుని కట్టెలాగ కూసున్న. తలుపు తెరుచుకున్నది. పద్దెనిమిది! అదే కోటు, అదే టై, అదే కట్టె.

"ఒరేయ్! నువ్వేంట్రా ఇక్కడ?"

"నువ్వేందిర ఈడ?"

కోపం, సంబురం రెండు ఒక్కసారే వచ్చినయి. అలాయ్ బలాయ్ తీసుకుందామని దిగ్గున లేస్తి. నా మోచెయ్యి తాకి ఎర్రరంగు సీసా పల్టీ కొట్టింది. మూత ఊడి తాన్ల మీద బొడబొడ కారింది. సావు!

చప్పుడుకు సేటు వచ్చిండు. బక్కపానం, అద్దాలు నొసటి మీదున్నయి. తాన్లను చూసిండు, మమ్మల్ని చూసిండు. "కిస్‌నే కియా?" అన్నడు.

టక్కున నాలుగు మడిమెలు కొట్టుకున్నయి. "నేనే సార్!" ఇద్దరం ఒక్క గొంతుతోని.

మాకు తెల్వకుంటనే నోట్లకెళ్లి వచ్చింది. సేటు బిత్తరపోయిండు. నేను హిందీల మొదలువెట్టిన: "సేట్‌జీ, మరక నాదే, నా మోచెయ్యి తాకింది." వాడు నాకంటె పెద్దగ ఒర్లిండు: "నమ్మకండి సార్! వీడు చిన్నప్పట్నుంచీ ఇంతే, అందరి తప్పులూ నెత్తినేసుకుంటాడు. ఇంత మంచోడు మీకు దొరకడు, వీడికే ఇవ్వండి పని!" నేనూరుకుంటనా? "ఈడు నాకన్న మంచోడు సార్, హెడ్మాస్టర్‌కే భయపడలే" అన్న. వాడు నన్ను గుర్రుగ చూసి, పోయి అరచెయ్యి రంగుల ముంచి, కోటు బయటికొచ్చిన తెల్లంగి చేతి అంచుకు పామిచ్చుకున్నడు. "రుజువు సార్!"

సేటు వాని చెయ్యి చూసిండు. నా చెయ్యి చూసిండు. నాది కడిగిన గిన్నె తీరుగున్నది.

"ఇరవై ఏండ్లాయె ఈ మిల్లు నడుపవట్టి," అన్నడు మెల్లగ. "తాన్లు కాలుతయి, చినుగుతయి, మాయమైతయి. ఒక్కడు గూడ 'నేనే' అన్లే. రేప్పొద్దున్నుంచి పనికి రా." వేలు వాని దిక్కున్నది.

వాని మొఖం సున్నమైంది. "సార్, నేను అబద్ధం చెప్పాను సార్!"

"చూడుండ్రి, గర్వం గూడ లేదు," అని సేటు ముచ్చటపడి లోపటికి పోయిండు.

కొండనాలుకకు మందేస్తె ఉన్న నాలుక ఊడినట్టయింది. నా పని కాపాడబోయి వాడే ఆ పని తెచ్చుకున్నడు. బయటికొచ్చి నేను స్కూటర్ స్టార్టు చేసిన. వాడు అడగకుంటనే ఎనుక ఎక్కిండు. "నేను చేరన్రా, ఒట్టు" అంటనే ఉన్నడు. సచిన్ నుంచి మా ఇంటిదాక తొవ్వ పొడుగుత లోపట్లోపట వాణ్ణి తిట్టుకుంట వచ్చిన. ఎవడు ముంచమన్నడు చెయ్యి? ఎవడడిగిండు నీ త్యాగం? ఆఖరికి ఒక ఆలోచన గూడ వచ్చింది, చెప్పుకుంటె సిగ్గు: ఇక ఈనితోని మాట్లాడొద్దు.

నా భార్య తలుపు తీసింది. నన్ను చూడలే. నా ఎనుక ఎర్ర చెయ్యేసుకుని నిలబడ్డోణ్ణి చూసింది.

"అన్నా, మీకొచ్చిందా?"

ఇద్దరం నోళ్లు తెరిచినం. "నీకెట్ల తెల్సే?"

"బ్యాంకు వదినె చెప్పింది అన్న పోతుండని. మీరు పోతుండ్రని నేను చెప్పిన. మూడొద్దులాయె."

"మరి మాకు చెప్పకపోతివేందే!"

"చెప్తె ఇద్దర్ల ఒక్కరు గూడ పోకపోదురు. ఆయన పోతుండని మీరు, మీరు పోతుండ్రని ఆయన ఇంట్లనే కూసుందురు. గందుకే ఇద్దర్ని తోలినం, ఒక్కరికన్న వస్తదని."

వాడు తల దించుకుని "నేను చేరనమ్మా, వాడే చేరతాడు" అన్నడు.

"చేరకపోతె ఈ గడప తొక్కొద్దు," అన్నది. "పొండ్రి, చేతులు కడుక్కోండ్రి."

కంచాలు పెట్టింది. నేను అడుగలేక అడిగిన: "మరి సోమవారం బండి?"

"పోతున్నం. పిల్లల బడి ఆగదు గద." గొంతుల కోపం లేదు, గదే కష్టమనిపించింది. "మీకు పని దొరికినంక రమ్మనుండ్రి, వస్తం. ఈ అన్న మిల్లుల చేరిండంటె మీ కోసం అడుగకుంట ఉంటడా? నాకైతె నమ్మకమున్నది. మీకు లేకపోతె చెప్పుండ్రి."

కలిపిన ముద్ద నోట్ల పెట్టుకున్న. వాని దిక్కు చూద్దామంటె మొఖం చెల్లలే. ఏదో ఒకటి అనాలె గద అని, "కూరల ఉప్పు మంచిగ కుదిరింది" అన్న.

"ఉప్పు ఇంక ఎయ్యలే," అన్నది.