హారనుకు బెదిరిన సీసా

గనుల జోరులో మా బళ్లారి జనమంతా కొండలు తవ్వుతుంటే, నేను మనుషుల తలకాయలు తవ్వాను. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళను చూసి నవ్వుతారు గానీ, నేను ఎలుకనైనా పట్టలేదండీ. గులకరాయికి తోక గీసి, ఇదే ఎలుక అన్నాను. ఆ ఘనకార్యంతో ఒక మంచి మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాను.

పరిశోధన చేస్తున్న రోజులవి. ఖనిజం లారీ తోలే చోరనూరు ఓబులేసును ఎంఆర్ఐ మెషిన్‌లో పడుకోబెట్టి, చెవుల్లో హారన్లు మోగించి, మెదడు బొమ్మలు తీశాను. ఆ బొమ్మను వేల గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడికీ ‘ఇది హారనుకు ఉలిక్కిపడిందా?’ అని పరీక్ష పెట్టాను. భయం పుట్టే చోట కొన్ని గళ్ళు ఎర్రగా వెలిగాయి! ఇంకెక్కడెక్కడో వెలిగినవి నా కంటికి ఆనలేదు లెండి.

“ఓబులేసూ, నీ మెదడులో హారను భయం ముదిరింది. ఇంక లారీ తోలకూడదు” అన్నాను. డాక్టరునైనా కాను, నా ధైర్యం చూడండి!

“అంతేనంటావా మేడమ్? ముగ్గురు పిల్లోళ్ళుండారు నాకు.”

“నేను కాదు, సైన్సు చెప్తోంది.”

పాపం, ఆ మధ్యాహ్నమే లారీ తాళం యజమానికి ఇచ్చేశాడు.

మెషిన్ నడిపే సామ్యేలన్నకు ఆ బొమ్మ గర్వంగా చూపించాను. అంతకుముందు ఆయన గనుల్లో ఖనిజం శాంపిళ్ళు తీసేవాడు.

“ఎన్ని గళ్ళు పరీక్ష చేస్తివి పాపా?”

“వేలన్నా!”

“గడికి ఎంత పొరపాటుకు ఒప్పుకుంటివి?”

“నూటికి ఐదు. పుస్తకంలో అంతే ఉంది కదా.”

“అది ఒక పరీక్షకు లెక్క. కుప్పలో వెయ్యిసార్లు చెయ్యి పెడితే నాలుగు మంచి రాళ్ళు తగలవా? అవి చూపిచ్చి కుప్పంతా మంచిదంటే కొనేటోడు చెప్పు తీసుకుంటాడు. ఉండు.”

మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి రోజూ అందులో పెట్టే నీళ్ళ సీసా ఒకటుంది. దాన్ని పడుకోబెట్టి, హారన్లు మోగించి, నా లెక్కే నా చేత చేయించాడు. సీసా నిండా అక్కడక్కడ ఎర్రటి చుక్కలు!

“ఓబులేసు కన్నా దీనికే భయమెక్కువ ఉండాది పాపా. ధైర్యం కోసం ప్రార్థన చేద్దామా?”

గళ్ళు ఎన్ని ఎక్కువైతే పరీక్ష అంత కఠినం చేయాలని చెప్పి, పక్కన కూర్చుని మళ్ళీ చేయించాడు. సీసాలో చుక్కలు పోయాయి. ఓబులేసు మెదడులోనూ పోయాయి. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. పోయిన నా మతిని వెతికి తెచ్చిచ్చినవాడు సామ్యేలన్న. ఆయన ఆ పూట నన్ను ఆపకపోతే ఏమయ్యేదోనని తలచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇద్దరం లారీల షెడ్డుకు పరుగెత్తాం. యజమాని అప్పటికే ఇంకో డ్రైవరు కోసం ఫోన్లు చేస్తున్నాడు. గోడవారన దిగాలుగా కూర్చున్న ఓబులేసుకు సీసా సంగతితో సహా నా తప్పంతా చెప్పుకున్నాను. తిడతాడనుకున్నాను.

“సుమ్నే, ఊరికే నన్ను భయపెడితివి కదా మేడమ్! పోనీలే. ఆ సీసాకైనా నిజం చెప్తివా? ఇంకా బెదురుకోని ఉంటాదేమో” అన్నాడు. ఎంత పెద్ద మనసండీ!

యజమాని దగ్గర తాళం తిరిగి తీసుకుని లారీ ఎక్కి, మా పక్కనుంచి పోతూ హారను గట్టిగా ఒక్కటి కొట్టాడు. ఉలిక్కిపడింది నేనొక్కదాన్నే.

అక్కడికక్కడే, ఆ ఎర్రదుమ్ములో నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: ముందుగా నీళ్ళ సీసాను అడగనిదే, ఈ జన్మలో ఏ మనిషి మెదడు గురించీ నోరు విప్పను.