మోకాలిలో పందిరి

మా ఆయన కరెంటు లైన్‌మన్. చల్లపల్లి దగ్గర గాలివానకి తెగిన తీగ కలపడానికి స్తంభం ఎక్కి, జారి పడ్డారు. ఎముక విరగలేదని మేమంతా సంబరపడ్డాం. తర్వాత స్కానింగులో తేలింది, మోకాలి గుజ్జులో రూపాయి బిళ్లంత ముక్క లేచిపోయిందని. ఆ గుజ్జు తనంతట తాను మళ్లీ పెరగదట. మోకాలు మడవలేని లైన్‌మన్‌ని ఎవరు ఉంచుకుంటారు? పైగా ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం.

విజయవాడలో డాక్టరుగారు కొత్త పద్ధతి ఒకటి చెప్పారు. జెల్ నింపిన స్పాంజిలాంటి సన్నటి పొరని ఆ గుంటలో అతికిస్తారు. ఎముకలోంచి వచ్చే కణాలు దాన్ని పట్టుకుని పెరిగి గుజ్జవుతాయి, పొర మెల్లగా కరిగిపోతుంది. నేను బిక్కమొహం వేసుకుని చూస్తుంటే ఆవిడ నవ్వారు.

"బీరపాదుకి పందిరి వేస్తారు కదమ్మా, అదేననుకోండి. తీగ అల్లుకునేదాకా పందిరి కదలకూడదు. నేను చెప్పేదాకా కాలు మీద బరువు వెయ్యొద్దు, మోకాలు పూర్తిగా మడవొద్దు."

ఆ మాట నేను పట్టుకున్నంత గట్టిగా ఇంట్లో ఇంకెవరూ పట్టుకోలేదు. ఆపరేషనయ్యాక భవానీపురంలోని మా రెండు గదుల ఇంట్లో పోలీసులా కాపలా కాశాను. బాత్రూముకి లేచినా వెనకే ఉండేదాన్ని.

"ఊపిరైనా తీసుకోనిస్తావా?" అని విసుక్కునేవారు.

"తీసుకోండి. కాలు చాచుకుని తీసుకోండి" అనేదాన్ని.

మళ్లీ తీసిన స్కానింగులో పొర కుదురుగా ఉందన్నారు. అత్తయ్యగారు ఆ ఆదివారమే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించారు. కొడుకు కోసం ఆవిడ ఎంత ప్రార్థించారో నాకు తెలుసు, అందుకే కాదనలేకపోయాను. చాపలు పరిచి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టాను. పాటలయ్యాక అందరం మోకరించాం. పాస్టరుగారు ఆయన వైపు చూసి మరీ చెప్పారు.

"మీరు కూర్చునే ఉండండి బ్రదర్. దేవుడికి తెలుసు."

అందరం కళ్లు మూసుకున్నాం. ప్రార్థన చాలాసేపు సాగింది. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. మోకాలికి కట్టిన బ్రేసు విప్పి పక్కన పెట్టి, ఆయన చాప మీద రెండు మోకాళ్లూ ఆనించి తల వంచుకుని ఉన్నారు. అందరూ లేచారు. ఆయన లేవలేకపోయారు. మొహమంతా చెమటలు.

"కాలు ఇచ్చినవాడి ముందు కుర్చీలో కూర్చోనా?" అన్నారు నన్ను చూసి.

"ఇంకా ఇవ్వలేదండీ, ఇస్తున్నాడు!" అని అంతమందిలోనూ అరిచాను. అత్తయ్యగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"పందిరి లేచిపోయిందమ్మా" అన్నారు డాక్టరుగారు. ఊడిన పొరని తీసేశారు. మళ్లీ అతికించినా నిలుస్తుందన్న నమ్మకం లేదన్నారు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆయన ఇప్పుడు స్తంభాలెక్కడం లేదు. కుంటుకుంటూ వెళ్లి ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లో కూర్చుంటున్నారు. గాలి వీచి కరెంటు పోతే మాత్రం వీధిలోకి వచ్చి, తలెత్తి స్తంభం వైపు చూస్తూ నిలబడతారు. అలా చూసినప్పుడల్లా నాకు ఏడుపొస్తుంది, ఆ వెంటనే కోపమూ వస్తుంది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

రోజూ పొద్దున ఆయన కుర్చీలో కూర్చుంటే, నేను కింద మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలికి పట్టీ బిగిస్తాను. ఆ కాసేపూ ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు.

నేను కళ్లు మూయను.