బండి అడుగున నూనె

కొండరైలు ఆ లోయలోకి ఇంకా రాని రోజుల్లో, కిసో అడవుల్లో కిసబురో ముప్పయ్యేళ్లు జారుడుబండి మీద దుంగలు దించాడు. ఆ బండికి చక్రాలుండవు. దారిపొడవునా నిచ్చెనలా పరిచిన అడ్డకర్రల మీద అది జారాలి. చదునులో కర్రలకు నూనె రాసి ముందుండి లాగాలి. వాలులో పొడికర్రలే బండిని సగం పట్టుకుంటాయి, మిగతా సగం మనిషి వీపుతో ఆపుకోవాలి.

"ఇవాళ నిండు బండి దించలేకపోతే రేపట్నుంచి వంటపాకకు పో," అని మేస్త్రీ ఒగాతా పొద్దున్నే అందరి ముందూ అతనితో అనేశాడు.

చదునులో బండి ఆగింది. కిసబురో లాగాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగాడు. అతనెంత లాగితే కర్రలూ అంతే వెనక్కి పట్టాయి. తాడు భుజంలోకి దిగింది. ఒంట్లో ఉన్నదంతా ఖర్చుపెట్టి ఉన్నచోటే ఉండటం! ఒళ్లు మండిపోయింది.

వెనక తన బండితో కుర్రకూలీ యాసుకె వచ్చి నిలబడ్డాడు. "ఏం పెద్దాయనా, బండికి వేళ్లు మొలిచాయా? రెండు దుంగలు తీసెయ్యరాదూ?"

"తీస్తే నిండు బండి ఎట్లా అవుతుందిరా?"

"అయితే నీళ్లు పొయ్యి, చిగురేస్తుంది."

కిసబురోకు తిక్క రేగింది. నడుముకున్న వెదురుగొట్టం తీసి, ఓ గెడను మీటగా వేసి బండిని కాస్త ఎత్తి దాని అడుగునే నూనె పూసేశాడు. అలా పూయొద్దని కొత్తవాళ్లను తిట్టేది తనే. కర్రకు రాసిన నూనె అక్కడే ఉంటుంది, అడుగుకు పూసింది వాలుదాకా వెంటొస్తుంది.

బండి కదిలింది. కదిలాక సగం బలమే చాలింది. అంతలోనే వాలు. వీపు ఆనించాడు. పొడికర్రల పట్టు లేదు. అడుగడుక్కీ వేగం పెరుగుతోంది, మడమలు జారుతున్నాయి. పక్కకు దూకాడు. మలుపు దగ్గర బండి తిరగలేదు, తిన్నగా లోయలోకి పోయింది.

"యాసుకే! ఆపు! కర్రలనిండా నూనె!"

"నీది పోయిందని నన్నూ ఆపుతావా?"

"చస్తావురా, ఆపు!"

యాసుకె చదునులోనే ఆగాడు. కిసబురో బూతులు తిట్టుకుంటూ మోకాళ్ల మీద కూర్చుని, గుప్పెట్లో మట్టి తీసుకుని ఒక్కో కర్రమీది నూనెనూ రుద్దసాగాడు. చప్పుడు విని మేస్త్రీ పైకొచ్చాడు.

"బండేదీ?"

"లోయలో."

"నీ పని ఇవాళ్టితో సరి."

"సరే," అన్నాడు కిసబురో తలెత్తకుండా. "ఇంకా నలభై కర్రలున్నాయి. ఊరికే నిలబడకపోతే నువ్వూ ఓ చెయ్యి వెయ్యొచ్చు."