పెనుకొండ పెళ్లిలో నేను కట్టిన గోపురం

ఆ రోజుల్లో నాకు ఎదుటివాళ్ల జుట్టు తప్ప మనిషి కనిపించేది కాదు. బెంగళూరులో కొన్నాళ్లు కేశాలంకరణ నేర్చుకుని, హిందూపురంలో ఒక బ్యూటీ పార్లర్లో కొత్తగా చేరాను. బస్సులో ముందు సీట్లో ఎవరైనా కూర్చుంటే చాలు, వాళ్ల జడ విప్పి ఎన్ని రకాలుగా చుట్టొచ్చో మనసులోనే చుట్టేసేదాన్ని. మా పార్లర్ మేడమ్ మాత్రం, "వచ్చినోళ్లు అడిగింది చెయ్యమ్మీ. నీ కళ ఇంట్లో చూపించుకో" అనేది. (ఇంట్లో మా అమ్మ నేను దువ్వెన పట్టుకోగానే తలకు కొంగు కప్పుకునేది.)

అలాంటి నాకు ఒక పెళ్లి దొరికింది. అమ్మాయిది ధర్మవరం, పట్టుచీరల అంగడి వాళ్ల బిడ్డ. పెళ్లి పెనుకొండలో, అబ్బాయి వాళ్ల ఊళ్లో. మేడమ్‌కు జ్వరం రావడంతో నన్నొక్కదాన్నే పంపింది. అద్దం ముందు కూర్చుంటూనే ఆ అమ్మాయి, "అందరూ వేసుకునే పూలజడ వద్దక్కా. నీ ఇష్టమొచ్చినట్ల చెయ్" అంది. ఆ మాట అనే మనిషి కోసమే నేను ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నాను. జుట్టంతా పైకెత్తి, లోపల స్పాంజి పెట్టి, పాయలు పాయలుగా చుట్టి, పిన్నులు గుచ్చి, స్ప్రే కొట్టి, సరిగ్గా నడినెత్తి మీద జానెడెత్తు ముడి నిలబెట్టాను. అమ్మాయి మురిసిపోయింది. వాళ్ల అవ్వ మాత్రం చుట్టూ తిరిగి చూసి, "గోపురం బాగుండాది. కలశం యాడ?" అంది. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ముహూర్తం వేళకు మధ్యలో తెర పట్టారు, మేళం జోరందుకుంది. పెళ్లికొడుకు జీలకర్ర బెల్లం ముద్ద పట్టుకుని తెర మీదుగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి ముడికి తగిలింది. కుడికి జరిగింది, ఎడమకు జరిగింది. చివరికి పైనే పెడితే ముద్ద జారి అమ్మాయి ఒళ్లో పడింది.

"నెత్తిన పెట్టప్పా!" అన్నాడు పురోహితుడు.

"నెత్తి యాడుండాది స్వామీ?" అన్నాడు పెళ్లికొడుకు దీనంగా.

నాదస్వరం ఊదేవాయనకు నవ్వొచ్చి పాట ఆగిపోయింది. "ముహూర్తం దాటిపోతాంది! ఎవురు చేసింది ఈ పని?" అని పెళ్లికూతురి నాయన కేక. నేను మెల్లగా భోజనాల వైపు జారుకోబోతుంటే, అవ్వ నా చెయ్యి పట్టుకుని మంటపం ఎక్కించింది.

మొత్తం విప్పేస్తే పెళ్లికూతురు జుట్టు విరబోసుకుని కూర్చోవాలి. అప్పుడు ఆ అమ్మాయి తల వంచుకునే, "అంతా తీసెయ్యొద్దక్కా. నాకు నచ్చింది" అని గొణిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ముడి పైభాగం విప్పి, లోపలున్న స్పాంజి లాగేశాను. "అమ్మో, తల్లోంచి దిండు తీస్తాండాది!" అంది అవ్వ. మంటపమంతా ఘొల్లుమంది. పాయలను చుట్టూ నెట్టి పిన్నులు గుచ్చేసరికి నడినెత్తి బయటపడింది. జుట్టు దాని చుట్టూ పిచ్చుకగూడులా నిలిచింది. రెండో ముద్ద ఆ గూట్లో గుడ్డులా కుదురుగా కూర్చుంది. (మామూలు తలల మీద అది జారకుండా ఉండటం నేనైతే చూడలేదు.)

ఆ తర్వాత కొన్నాళ్లు హిందూపురం ఆడపిల్లలు పార్లర్‌కు వచ్చి "గూడు ముడి" కావాలని అడిగారు. మేడమ్ అది తానే కనిపెట్టినట్టు తల ఊపేది.

ఇప్పుడు ధర్మవరంలో నాకు సొంత పార్లర్ ఉంది. పెళ్లికూతుళ్లు ఫోన్లో ఫొటో చూపించి, "అచ్చం ఇట్లే ఉండాల" అంటారు. అచ్చం అట్లాగే చేస్తాను. ఎవరూ రాని మధ్యాహ్నాల్లో మాత్రం, నెరుస్తున్న నా జుట్టునే పైకెత్తి జానెడు ముడి కట్టుకుని అద్దంలో చూసుకుంటాను. మొన్న ఒకామె తలుపు తీసుకుని వచ్చి, "ఏమక్కా, పెళ్లికి పోతాండావా?" అని అడిగింది.

"లేదమ్మీ, పెళ్లి నుంచి వస్తాండా" అన్నాను.