నాంపల్లి గోడ మీద నీలి గునుగు

నేను ఒక కొత్త జాతి మొక్కను కనిపెట్టాను. నవ్వకండి, నిజంగానే కనిపెట్టాను. అది పొద్దున్నే పుట్టి, మధ్యాహ్నానికి పేర్లు కూడా పెట్టించుకుని, సాయంత్రం టీ వేళకు వేడినీళ్ల గ్లాసులో ప్రాణం వదిలింది. పోతూ పోతూ నా పరువును కూడా వెంటబెట్టుకు పోయింది. ఆ కథే చెబుతాను. మధ్యలో మీకు నా మీద జాలి కలిగితే కాస్త దాచి ఉంచండి, నేను దిగజారడానికి ఇంకా మెట్లున్నాయి.

హైదరాబాదు ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజులవి. నేను కోస్తాలో ఒక మిషను ఊరివాణ్ణి. బోటనీలో బీయస్సీ చేసి, నాంపల్లిలో మొక్కల సర్వే ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. అడవులు తిరిగి మొక్కలు కోసుకురావడం, కాగితాల మధ్య పరిచి చెక్క ప్రెస్సులో బిగించి ఆరబెట్టడం, ఏది ఏ జాతో రాసి పెట్టడం నా పని. చేరి ఏడాది కాలేదు. దసరా వెళ్లాక మా పెద్దాఫీసరు వరదరాజులు గారు నా మీద రిపోర్టు రాస్తారు. బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే ఊరికి తిరిగి వెళ్లి మిషను బడిలో పంతులుగా చేరాలి. ఆ బడికి హెడ్మాస్టరు మా నాన్న. అంటే ఇంట్లోనూ మా నాన్నే, బడిలోనూ మా నాన్నే, ఆదివారం చర్చిలో పక్క బెంచీ మీద కూడా మా నాన్నే! నేను పాఠం చెబుతుంటే ఆయన కిటికీలోంచి తప్పులు దిద్దుతున్నట్టు నాకు కలలు వచ్చేవి. అందుకని ఎలాగైనా వరదరాజులు గారి మెప్పు పొందాలి. ఆయనేమో మద్రాసు నుంచి వచ్చిన మనిషి. ఇస్త్రీ చెడని చొక్కా, చెక్కు చెదరని భాష. భూతద్దం పెట్టి చూడందే ఇడ్లీని కూడా ఇడ్లీ అని ఒప్పుకోని రకం.

ఆసిఫాబాదు అడవుల్లో చాలా రోజులు తిరిగి, ఒక తెల్లవారుజామున నాంపల్లి స్టేషన్లో దిగాను. అడవిలో దారిపొడుగునా తెల్ల గునుగు పూలే. ప్రెస్సు నిండా అదే. కొత్తది ఒక్కటీ దొరకలేదు. ఏడుపు మొహంతో ఇంటికి నడిచాను. ఇల్లంటే స్టేషను వెనక సందులో ఒక వాకిలి, దాని చుట్టూ గదులు, అందులో నాకొకటి. ఇంటి యజమానురాలు రాజవ్వ. పల్లెనుంచి వచ్చి స్థిరపడిన మనిషి, గొంతు విప్పితే రైలు కూత కూడా వినపడదు.

సందు మలుపు తిరిగానో లేదో కాళ్లు ఆగిపోయాయి. వాకిలి ప్రహరీ పాతకాలపు రాతిగోడ. నేను వెళ్లేటప్పుడు దాని మీద గడ్డిపోచ కూడా లేదు. ఇప్పుడు రాళ్ల సందుల్లోంచి గునుగు పూలు గుత్తులు గుత్తులుగా నిలబడి ఉన్నాయి. తెల్లవి కావు. నీలం! పక్కన గులాబీ! ఆ పక్కన చిలకపచ్చ!

గునుగును నేను ఎరగనా? తెల్లగానో, కొసన కాస్త గులాబీ జీరతోనో ఉంటుంది. నీలి గునుగు ఏ పుస్తకంలోనూ లేదు. నేను అడవులన్నీ గాలిస్తుంటే కొత్త జాతి నా గది గుమ్మం ముందే మొలిచి నాకోసం ఎదురు చూస్తోంది! వెంటనే గోడెక్కాను. ఒక్కొక్కటీ ఎంత సులువుగా ఊడి వచ్చిందో చెప్పలేను. బుద్ధి ఉన్నవాడైతే అక్కడే అనుమానించేవాడు. నాకు మాత్రం ఆ మొక్క శాస్త్రానికి సహకరిస్తున్నట్టు అనిపించింది. ఒక్కటి కూడా వదలకుండా పీకి, ప్రెస్సులో కొన్ని, సంచిలో కొన్ని సర్దుకుని, మొహం కూడా కడుక్కోకుండా ఆఫీసుకు పరుగెత్తాను.

ఆఫీసులో వరదరాజులు గారు ఒక్కరే ఉన్నారు. మిగతావాళ్లంతా కరీంనగర్, వరంగల్ వైపు వాళ్లు, పండుగకని ఊళ్లకు వెళ్లిపోయారు. అంటే ఆ పూలను చూడగానే నిజం చెప్పగలిగిన ప్రతి మనిషీ ఆ రోజు సెలవులో ఉన్నాడన్నమాట. నా అదృష్టం ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది.

ఆయన భూతద్దం తీశారు. పువ్వు చూశారు. నన్ను చూశారు. మళ్లీ పువ్వు చూశారు.

"జీవరత్నం, దీని వేరు ఏదీ?"

"గోడలో ఉండిపోయిందండి."

"ఆకులు?"

"రాలిపోయి ఉంటాయండి. గోడ మీద నీళ్లు దొరకవు కదండీ, పాపం, పొదుపు చేసుకుంటుందేమో."

"మీరు మొక్కను వెనకేసుకొస్తున్నారు. సరే, మీ చేతులకు ఆ నీలం ఏమిటి?"

"రసమండి. ముట్టుకుంటే అంటుతుంది. గునుగులో ఇంతవరకూ ఎవరూ చూడని లక్షణం!"

ఆయన నమ్మలేదు. కానీ నమ్మాలని ఎంత కోరికగా ఉందో ఆయన మీసాలు చెబుతూనే ఉన్నాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి అడిగారు.

"పేర్లు ఏమైనా అనుకున్నారా?"

"నీలందానికి మీ పేరండి."

"ఛ ఛ, నాదెందుకు?" అన్నారు గాని, ఆ ఛఛలో కోపం లేదు.

"గులాబీదానికి మా నాన్నగారి పేరండి."

"మరి పచ్చదానికి?"

నేను సిగ్గుతో తల వంచుకున్నాను.

"ఎవరి పేరు వారే పెట్టుకోవడం మర్యాద కాదు, జీవరత్నం."

"మీరు పెట్టండి సార్. నేను వద్దననుగా!"

ఆయన నవ్వారు. వరదరాజులు గారి పళ్లు చూడటం నాకు అదే మొదటిసారి. "పువ్వును విప్పి లోపల చూడందే ఏదీ చెప్పకూడదు. భోజనం చేసి వచ్చాక నానబెట్టి చూద్దాం," అన్నారు. నాకు అప్పటికే ఉద్యోగం వచ్చేసినట్టు, పేపర్లవాళ్లు మెట్లెక్కి వస్తున్నట్టు ఒళ్లంతా తేలికైపోయింది. పేపర్లవాళ్లకు ఫోటో కావాలిగా? నీలిగుత్తి ఒకటి చేతబట్టుకుని ఆబిడ్స్‌కు బయలుదేరాను.

దారిలో ఆడవాళ్లు నన్ను చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. కీర్తి ఇంత త్వరగా పాకుతుందా అని ఆశ్చర్యపోయాను. ఆబిడ్స్‌లో స్టూడియో అతను నన్ను తెర ముందు నిలబెట్టి, పూలగుత్తిని మెచ్చుకోలుగా చూశాడు.

"ఇంట్ల ఆడోళ్లు లేరా సారూ? మీరే పేరుస్తున్నరా?"

"నేనే. ఎప్పుడూ నేనే. పొరలు పొరలుగా పేర్చి పైన బరువు పెడతాను."

"బరువెందుకు సారూ? పైన గౌరమ్మను గద పెట్టాలె!"

గౌరమ్మ ఎవరో నాకు తెలియదు. మా ఆఫీసులో ఆడవాళ్లెవరూ పనిచేయడం లేదని మర్యాదగా చెప్పాను. అతను చటుక్కున కెమెరా నల్లగుడ్డ లోపలికి దూరాడు. ఆ గుడ్డ చాలాసేపు కుదురుగా లేదు. ఫోటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి అందులో పువ్వు నీలం కనిపించదు. నా తెలివితక్కువతనం మాత్రం స్పష్టంగా పడింది.

తిరిగి వచ్చేసరికి వరదరాజులు గారు నాకోసం కాచుకుని ఉన్నారు. ఎండిన పువ్వు వేడినీళ్లలో కాసేపు ఉంటే మెత్తబడి, రేకులు తేలిగ్గా విడతాయి. కింద హోటల్ నుంచి వేడినీళ్లు తెచ్చి గాజు గ్లాసులో పోశాను. ఆయన చిన్న పట్టకారుతో నీలిపువ్వును పట్టుకుని, పసిపిల్లకు స్నానం చేయించినంత జాగ్రత్తగా నీళ్లలోకి దించారు.

నీళ్లు నీలమయ్యాయి.

"రసమండి," అన్నాను.

నీళ్లు ఇంకా నీలమయ్యాయి. పువ్వు తెల్లబడటం మొదలుపెట్టింది.

"రసం చాలా ఉన్నట్టుంది," అన్నారాయన. ఆ గొంతులో మీసాలు దిగిపోవడం నాకు వినిపించింది.

ఇంకో గ్లాసులో గులాబీది వేశారు. నీళ్లు షర్బతు రంగుకు వచ్చాయి. మూడో గ్లాసులో పచ్చది. నేను రైలెక్కి వెళ్లి మా నాన్న ముందు నిలబడ్డట్టు అప్పుడే కనిపించసాగింది. బల్ల మీద మూడు గ్లాసుల రంగునీళ్లు, మూడు తెల్లటి, మామూలు, అడవంతా దొరికే గునుగు పూలు. ఆయన పేరు, మా నాన్న పేరు, నా పేరు అన్నీ నీళ్లలో కలిసిపోయాయి.

"జీవరత్నం..." అని ఆయన మొదలుపెట్టేలోగా మెట్ల మీద గాజుల చప్పుడు, దాని వెనకే గొంతు.

"ఏడున్నడు మా కిరాయి సారు? బయటికి రమ్మనుండ్రి!"

రాజవ్వ! తలుపు తోసుకుని వచ్చింది. బల్ల మీది పూలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఓ రత్నం సారూ! నా గోడ మీది పూలు ఎత్కపోయింది నువ్వేనా? ఎదురింటి పోరి జూసిందట. పొద్దుగాల్నే కోతి లెక్క గోడెక్కి పీక్కుంటున్నవట!"

"అవి గోడ మీద మొలిచాయనుకున్నాను పెద్దమ్మా..."

"మొలుసుడేంది? చేన్లెంబడి తిరిగి కోసుకొచ్చి, రంగుల ముంచి, జర ఆరాలెనని రాళ్ల సందులల్ల గుచ్చిపెట్టిన. ఇయ్యాల సద్దుల బతుకమ్మ, పండుగకు ఆఖరు దినం! వాడకట్టుల అందరి కన్న ఎత్తు పేరుస్తనని అందరికి చెప్పుకున్న. ఇప్పుడు ఏం పెట్టి పేర్వాలె? నీ మొకం పెట్టాల్నా?"

వరదరాజులు గారు లేచి నిలబడి, ఆమెకు కుర్చీ చూపించి, చాలా మర్యాదగా అడిగారు. "అమ్మా, ఈ రంగు మీరు వేశారా?"

"నేనెయ్యక మరి దేవుడేస్తడా? దేవుడు తెల్లగనే ఇచ్చిండు!"

నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఉన్నట్టుండి ఏదో దగ్గులాంటిది వినపడింది. తలెత్తితే వరదరాజులు గారు. దగ్గు కాదది. ఆ మనిషి నవ్వుతున్నారు! బల్ల పట్టుకుని, భూతద్దం కింద పడేసుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. నవ్వుతూనే చొక్కా చేతులు పైకి మడిచారు.

"తెల్లబడ్డవాటికి మళ్లీ రంగు వేయాలి కదమ్మా. ఈ నీళ్లు పనికొస్తాయా?"

"గీ నీళ్లు ఏడ సరిపోతయి సారూ? ఇంట్ల ఇంక రెండు పుడియల రంగున్నది, మీరు పూలు వట్టుకోని రాండ్రి."

అలా ఆ సాయంత్రం మద్రాసు నుంచి వచ్చిన మా పెద్దాఫీసరు రాజవ్వ వాకిట్లో పీట మీద కూర్చుని గునుగును బకెట్లో ముంచారు. నేను పక్కన కూర్చుని ఆరబెట్టడానికి విసనకర్రతో విసిరాను. ప్రెస్సులో నలిగిన పూలను రాజవ్వ లోపలి వరసల్లో దాచేసింది. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి, ఒక వరస మీద ఒక వరస లేస్తుంటే వరదరాజులు గారు ప్రతి పువ్వుకూ లాటిన్ పేరు చెప్పారు. "గట్లనా సారూ?" అంటూనే రాజవ్వ ఆయన చేతిలో పూలు లాక్కుంది. పైన పసుపు ముద్దతో చేసిన గౌరమ్మను పెట్టేసరికి, స్టూడియో అతను చెప్పిన గౌరమ్మ ఎవరో అప్పుడు తెలిసింది నాకు, బతుకమ్మ నిజంగానే వాడకట్టులో అందరికన్నా ఎత్తు లేచింది. ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ దాని చుట్టూ తిరుగుతుంటే, పొద్దుటి నుంచి జరిగిందంతా మరిచిపోయి హాయిగా చూస్తూ ఉండిపోయాను. అంత సంతోషం నాకు ఆ ఊరు వచ్చాక అదే మొదలు. ఆయన చేతులు మోచేతుల దాకా నీలం. ఇస్త్రీ చొక్కా సంగతి నేను చెప్పను.

దసరా వెళ్లింది. ఊళ్లకు పోయినవాళ్లంతా తిరిగి వచ్చారు, వచ్చిన గంటలోనే కథంతా తెలుసుకుని ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. "నీలి గునుగేంది రత్నం, తెల్ల కాకిని గిట్ట పట్టినవా?" అని ఒకటే ఆటపట్టించడం. ఆ నవ్వుల మధ్యలో వరదరాజులు గారు చేతిలో కాగితంతో వచ్చారు. నా మీద రిపోర్టు! పైవాళ్లకు పంపేది వేరే రాశానని, ఇది మాత్రం మా అందరికీ అని చెప్పి, గొంతు సవరించుకుని చదివారు.

"ఈ సంవత్సరం సర్వేలో ఒక కొత్త జాతి కనబడింది. దొరికిన చోటు, నాంపల్లిలో పరాయివాళ్ల గోడ. వేళ్లు లేవు. చాలా సులువుగా ఎక్కడికైనా ఎగబాకుతుంది. వేడినీళ్లు తగిలితే ఉన్న రంగంతా పోతుంది. ఇంతకుముందు ఎక్కడా చూడలేదు కాబట్టి దీన్ని బయటికి పంపడం క్షేమం కాదు. ఈ ఆఫీసులోనే శాశ్వతంగా ఉంచి పరిశీలించవలసినది. పేరు, జీవరత్నం."

అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక వరదరాజులు గారి కాళ్ల మీద పడబోయాను. ఆయన చటుక్కున వెనక్కి జరిగారు. "వద్దు, మీ రసం అంటుతుంది," అన్నారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ గోడ మీద ఎంత అందమైన పువ్వు కనిపించినా నేను ముట్టుకోను. ముందు ఆ ఇంటివాళ్లను నిద్రలేపి అడుగుతాను. వాళ్లు తమది కాదంటే నీళ్లలో ముంచుతాను. అప్పటికీ రంగు పోకపోతే, దాన్ని భక్తిగా గోడ సందులోనే తిరిగి గుచ్చేసి, దణ్ణం పెట్టి, ఇంటికి వెళ్లి పడుకుంటాను.